కళ్లు మూసుకోవాల్సిన నలభై నిమిషాలు

"కళ్లు మెల్లగా మూసుకోండి" అంది ధ్యానం క్లాసు టీచరమ్మ. అందరూ మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను, ముప్పావు వంతు. మిగిలిన పావు వంతు సందులోంచి నాకు కావలసినంతా కనిపిస్తోంది. పక్క కుర్చీలో నా కూతురి మోకాలు, దాని మీద బోర్లించిన అరచెయ్యి, కుర్చీ వీపున వేలాడుతున్న నల్ల కోటు అంచు. పొద్దుటిదాకా ఆ అంచులోపల పది మాత్రల షీటు ఒకటి ఉంది. ఇప్పుడది నా చేతిసంచిలో, కళ్లజోడు పెట్టెలో, అద్దాలు తుడుచుకునే గుడ్డ కింద ఉంది. సంచి నా ఒళ్లో ఉంది. ఈ సంగతి ఈ గదిలో నాకొక్కదానికే తెలుసు. నలభై నిమిషాలయ్యాక గంట కొడుతుంది, కళ్లు తెరవమంటుంది, తర్వాత కాగితం పట్టుకుని ఒక్కొక్క కుటుంబం దగ్గరికీ వచ్చి అడుగుతుంది, ఈ ఎనిమిది వారాల్లో ఇంట్లో మాత్రలేమైనా కనిపించాయా అని. లేదని సంతకం పెడితే సోమవారం నుంచి నా కూతురు మళ్లీ పార్సిల్ ఆఫీసుకు పనికి వెళుతుంది. ఉన్నాయంటే వెళ్లదు. రెండు ముక్కల్లో అయిపోయే మాట. దాని కోసం పొద్దున్నుంచి నా నోరు ఎండిపోయి ఉంది.

"ముందు పాదాలు. కుడికాలి బొటనవేలు ఎలా ఉందో గమనించండి. ఏమీ మార్చకండి, ఊరికే గమనించండి." ఎలా ఉంటుందమ్మా, ముప్పై ఏళ్లుగా కుట్టు మెషీను తొక్కుతున్న కాలు ఎలా ఉండాలో అలాగే ఉంది. ఇప్పుడు కూడా చెప్పులో మునివేళ్లు నేలను నొక్కుతూనే ఉన్నాయి. భయమేస్తే నా కాలు కుడుతుంది. ఆస్పత్రి వరండాలో కుట్టింది, బస్సులో కుట్టింది, పొద్దున ఆ షీటు చేతికి తగిలినప్పుడు నిలబడే కుట్టింది. నిద్రలో కూడా తొక్కుతానట, మా ఆయన అంటారు, నీ పక్కన పడుకోవడం కంటే రైలింజన్ పక్కన పడుకోవడం నయం అని. మూడో వారం కుటుంబసభ్యులు రావాలంటే ఆయనే వచ్చారు. ఐదో నిమిషానికల్లా గురక. నా కూతురు తూనీగ ఇంటికొచ్చి నవ్వలేక చచ్చింది, "నాన్నకు సర్టిఫికెట్ ఇచ్చేయొచ్చమ్మా, ఎనిమిది వారాల పాఠం అయిదు నిమిషాల్లో వచ్చేసింది" అని. తూనీగ అని పేరు పెట్టింది కూడా ఆయనే. చిన్నప్పుడు ఒక్కచోట వాలేది కాదు. ఇప్పుడు చూడండి, మోకాలు కదలడం లేదు, చెయ్యి కదలడం లేదు, నా పక్కన బొమ్మలా కూర్చుంది. కదలకపోయినా నాకు భయమే. కదలకుండా ఉండటమంటే ఏమిటో రెండేళ్లు చూశాను.

"ఇప్పుడు నడుము. కుర్చీకి ఎక్కడ ఆనుతోందో చూడండి. నొప్పి ఉంటే ఉందని తెలుసుకోండి. దానితో పోట్లాడకండి." నడుమే కదా దీనికంతటికీ మొదలు. పార్సిల్ గదిలో పెద్ద పెట్టె ఒకటి పై అరలోంచి జారితే పట్టుకోబోయింది. పట్టుకుంది కూడా, పెట్టెలో గాజు సామాను ఒక్కటీ పగల్లేదట, పగిలింది దీని నడుమే. మూడు వారాలకని డాక్టరు నొప్పి మాత్రలు రాశాడు. మొదటి మాత్ర నా చేత్తోనే ఇచ్చాను. ఖాళీ కడుపున వేసుకోకే అని బతిమాలి ఏదో తినిపించి, నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. అరగంటకు దాని మొహం విప్పారింది. ఎన్ని రోజుల తర్వాతో నన్ను చూసి నవ్వింది. హమ్మయ్య అనుకున్నాను, ఎంత మంచి మందో అనుకున్నాను, పక్కింటావిడకు కూడా చెప్పాను. మూడు వారాలు మూడు నెలలైంది. ఒక డాక్టరు ఇద్దరు డాక్టర్లయ్యారు, తర్వాత డాక్టర్లతో పని లేకుండా పోయింది. నా కూతురు అబద్ధం చెప్పడం నేర్చుకుంది, నేను వెతకడం నేర్చుకున్నాను. ఇద్దరిలో ఎవరం బాగా నేర్చుకున్నామంటే చెప్పలేను.

"మనసు ఎక్కడికైనా వెళ్లిపోయిందా? ఫరవాలేదు. కోప్పడకుండా వెనక్కి తీసుకురండి." ఎదురుగా వెల్డింగ్ పనిచేసే అతను పెద్దగా ఊపిరి వదిలాడు, పక్కన అతని పెళ్లాం కూడా వదిలింది. వాళ్లిద్దరికీ ఎంత బాగా కుదిరిందో. గోడ మీద గడియారం తీసేసినచోట గుండ్రంగా తెల్లటి మచ్చ ఉంది. టైము చూడకూడదట. ట్యూబులైటు సన్నగా రొద పెడుతోంది. ఎంతసేపయింది? పది నిమిషాలు ఉంటుందా? పొద్దున అది స్నానానికి వెళ్లగానే రోజూ చేసే పనే చేశాను. జేబులు, చేతుల మడతలు, కాలరు, ఆఖరున అంచు. ఇన్నాళ్లూ అంచును పైపైన తడిమి వదిలేసేదాన్ని. ఇవాళ చివరి రోజు కదా అని గట్టిగా నొక్కాను. కరకరలాడింది. ఆ చప్పుడు నాకు తెలుసు. కుట్లు విప్పే చిన్న కత్తి ఎప్పుడు తీశానో తెలియదు, కుట్టు ఎప్పుడు తెగిందో తెలియదు, షీటు మాత్రం నా అరచేతిలో ఉంది. బాత్రూములో నీళ్ల చప్పుడు ఆగింది. సూదిలో ఉన్న దారంతోనే నాలుగు టాకాలు వేసి కోటు కొక్కేనికి తగిలించేశాను. "అమ్మా, నా దువ్వెన చూశావా?" అంటూ వచ్చింది. చూడలేదన్నాను. దువ్వెన నా ఎదురుగానే ఉంది.

అడగలేదు. ఎలా అడగను? అడిగితే నాది కాదంటుంది. రెండేళ్లలో దేన్నీ నాదేనని ఒప్పుకోలేదు. ఒకసారి దాని చెప్పులోంచి మాత్ర జారి నా కాళ్ల దగ్గర పడితే కూడా, "అదేమిటమ్మా?" అని నన్నే అడిగింది. నాది కాదన్నప్పుడు దాని కళ్లు ఎలా ఉంటాయో ఇంకోసారి చూడలేను. అడక్కుండానే బస్సెక్కాం. దారిపొడుగునా అది ఏవేవో చెప్పింది, ఆఫీసులో కొత్త సూపర్‌వైజరు వచ్చాడట, ఆయనకు నత్తి అట, అందుకే ఎవర్నీ తిట్టడట. నేను ఊ కొట్టాను. సోమవారం వేసుకెళ్లడానికి నీలం చొక్కాకు బటన్ కుట్టిపెట్టమంది. కుడతానన్నాను. నా కూతురు ఇరవై తొమ్మిదేళ్లది, సూదిలో దారం ఎక్కించడం రాదు. బటన్ ఊడితే పిన్నీసు పెట్టుకుంటుంది. దర్జీ కూతురివై ఉండి సిగ్గులేదే అంటే, "డాక్టరు కూతురు ఆపరేషన్లు చేస్తుందా?" అంటుంది.

"అమ్మా, కళ్లు పూర్తిగా." నాతోనే. టీచరమ్మ గొంతు మెత్తగానే ఉంది, కానీ ఎవరితో అన్నదో అందరికీ తెలిసిపోయింది. ఎవరో చిన్నగా దగ్గారు. వెల్డరే అయ్యుంటాడు. మూసుకున్నాను, పూర్తిగా. చీకటి. అంతే, నా కూతురు లేదు. మోకాలు లేదు, చెయ్యి లేదు, కోటు లేదు. తలుపు దాని కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఉంది. లేచి వెళ్లిపోతే చెప్పుల చప్పుడు వినిపిస్తుందా? రబ్బరు చెప్పులు, వినిపించవు. కంటికి రెప్పలా కాచుకోవడం అంటారు గాని, రెప్ప పడిందంటే కన్నుకేం కనిపిస్తుంది? ఈ రెండేళ్లలో అది పక్కనుండగా దాన్ని చూడకుండా ఇన్ని నిమిషాలు ఉన్నది ఇదే. కళ్లు తెరవాలని రెప్పలు లాగుతున్నాయి. కాలు నేలను నొక్కుతోంది.

"ఇప్పుడు శ్వాస. లోపలికి వెళ్లేది తెలుసుకోండి. బయటికి వచ్చేది తెలుసుకోండి." నవ్వొచ్చింది నాకు. ఈ గదిలో ఇంకెవరికైనా నేర్పమ్మా, నాకు కాదు. ఆ రెండేళ్లలో మధ్యాహ్నం మూడు గంటలకు నా కూతురు మత్తులో పడుకుంటే మంచం అంచున కూర్చుని దాని ముక్కు దగ్గర వేలు పెట్టి, లోపలికి, బయటికి, లోపలికి, మళ్లీ రాలేదేం, వచ్చింది. ముందు గదిలో యూనిఫారాల కోసం వచ్చినవాళ్లు కేకేస్తున్నా లేవలేదు. ఊపిరి మీద ధ్యాస నిలపడంలో నన్ను మించినవాళ్లు లేరు. కాకపోతే నా ఊపిరి కాదు. నాకొకటుందని కూడా మరిచిపోయాను. ఉందా? ఉంది. ఛాతీలో సగం దూరం వచ్చి ఆగిపోతోంది, మెట్లెక్కలేని ముసలమ్మలా. దాని పక్కనే ఇంకొకటి వినిపిస్తోంది, నెమ్మదిగా, పొడుగ్గా, తొందర లేకుండా. అది దానిది. ఎంత నిదానంగా తీస్తోంది! దొంగతనం దాచుకున్నవాళ్ల ఊపిరి ఇలా ఉంటుందా? ఉంటుందేమో. నాకేం తెలుసు?

"మాత్ర కావాలనే కోరిక అలలాంటిది" అంటోంది. ఇది వాళ్లకు చెప్పేది, మాకు కాదు. "లేస్తుంది, మీదికి వస్తుంది, విరుగుతుంది. దాన్ని ఆపక్కర్లేదు, దానితో కొట్టుకుపోనక్కర్లేదు. అది వచ్చిందని మీకు తెలిస్తే చాలు." మరి నాకు వచ్చే అలకు ఏం చెప్తావు తల్లీ? వెతకాలని వస్తుంది నాకు. తూనీగ బయటికెళ్లిన మరుక్షణం చేతులు వాటంతటవే పరుపు కిందికి పోతాయి. డాక్టరు ఒక్కసారిగా ఆపితే ప్రమాదమన్నాడు, కొద్దికొద్దిగా తగ్గించమన్నాడు, మాత్రలు నా చేతికిచ్చి పొద్దున ఒకటి, సాయంత్రం సగం అన్నాడు. అప్పట్నుంచి దాచడం మొదలుపెట్టాను. బటన్ల డబ్బాలో దాస్తే కనిపెట్టింది. మెషీను సొరుగులో, ఇస్త్రీ బల్ల దుప్పటి కింద, పాత కొలతల పుస్తకం అట్టలో, అన్నీ కనిపెట్టింది. చివరికి ఎవరూ వెతకని చోటు నాకు దొరికింది. కుట్టుకు వచ్చిన బట్టల అంచులు. షీటును అంచులో పెట్టి కుట్టేయడం, అవసరమైనప్పుడు విప్పడం. దర్జీకి తప్ప ఇంకెవరికి తడుతుంది? ఒకసారి నేను బజారుకెళ్లినప్పుడు మా ఆయన, బ్యాంకు గుమస్తా ప్యాంటు రెడీ అని ఇచ్చేశారు. ఆ ప్యాంటు కాలి అంచులో ఆరు మాత్రలు! పరుగున వాళ్లింటికి వెళ్లి, కుట్టు సరిగా పడలేదండీ, నా పేరు పోతుంది, ఒక్కసారి ఇవ్వండి అని బతిమాలితే, ఆయన అప్పటికే ప్యాంటు తొడుక్కుని ఉన్నాడు. లోపలికెళ్లి లుంగీ కట్టుకుని తెచ్చిచ్చాడు. ఇంత శ్రద్ధగల దర్జీని చూడలేదన్నాడు.

"చేతులు. వేళ్ల కొసలు. అక్కడ ఏముందో చూడండి. చల్లగానా, వెచ్చగానా, తిమ్మిరిగానా?" సంచి పట్టుకుని ఉన్నాయి నా చేతులు. గట్టిగా, ఎవరో లాక్కుంటారన్నట్టు. వదులు చేశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏదో నునుపు. పొద్దున్నుంచీ ఉన్నట్టుంది, ఇప్పుడే తెలుస్తోంది. రుద్దితే జారుతోంది. జిడ్డు కాదు, సబ్బు కాదు.

మైనం.

మైనం రాసిన దారం. చేతికుట్టు వేసేటప్పుడు దారాన్ని కొవ్వొత్తి ముక్క మీద లాగుతాను, చిక్కుపడకుండా. నాకు పని నేర్పిన మేష్టారు నేర్పింది. పొద్దున తెగ్గోసిన దారం అంగుళం ముక్కలుగా నా వేళ్ల మధ్య నలిగింది, అది మైనం పట్టిన దారం. రెండు పేటల నల్లదారం. మూడు చుట్ల ముడి. ప్రతి నాలుగో కుట్టుకూ ఒక వెనక కుట్టు, లాగితే ఊడకుండా. నా కళ్లు చూడలేదు, నా చేతులు విప్పాయి, విప్పుతున్నప్పుడు వాటికి తెలిసే ఉంటుంది, వాటిని అడిగే తీరిక నాకు లేకపోయింది. ఈ ఊళ్లో ఆ కుట్టు ఎవరు వేస్తారు? సూదిలో దారం ఎక్కించడం రాని నా కూతురు వేస్తుందా? పోయిన చలికాలం దాన్ని ఆస్పత్రిలో చేర్పించడానికి ముందు, ఇంట్లో మిగిలిన షీటు ఎక్కడ పెట్టాలో తెలియక, తన కోటులో తను వెతుక్కోదని దాని కోటులోనే పెట్టి కుట్టాను. అంబులెన్సు, కాగితాలు, ఏడుపులు, అందులో అది నా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. ఈ ఏడు చలి మొదలవగానే నేనే కోటు దులిపి, వేసుకోవే, జలుబు చేస్తుంది అని దాని భుజాల మీద వేశాను. ఎనిమిది వారాలు. వస్తున్నంతసేపూ పోతున్నంతసేపూ ఆ షీటు దాని మోకాళ్లకు తగులుతూనే ఉంది. పది మాత్రలు. పొద్దున లెక్కపెట్టినప్పుడు ఒక్కటీ తగ్గలేదేమిటా అని ఆలోచించలేదు నేను. ఇంకా మొదలుపెట్టలేదన్నమాట అనుకున్నాను.

అయితే లేదని రాయొచ్చు. దానిది కాదు కదా. గంట కొట్టగానే వెళ్లి షీటు మరుగుదొడ్లో పారేసి, చేతులు కడుక్కుని, సంతకం పెట్టి, బటన్ కుట్టిపెడితే సరి. ఎవరికీ తెలియదు. కానీ టీచరమ్మ అడిగేది మింగిందా అని కాదు, ఇంట్లో ఉందా అని. ఉంది. నేను పెట్టిందే ఉంది. నిజం చెబితే నమ్ముతుందా? కూతుర్ని కాపాడటానికి తల్లి చెప్పే కథలు ఈవిడ ఎన్ని విని ఉంటుంది! నమ్మకపోతే సోమవారం పోతుంది. చెప్పకపోతే? చెప్పకపోతే పోయేదేమీ లేదు, పొద్దున దువ్వెన చూడలేదని చెప్పాను, ఇంకో మాట. ఇంకో మాట. నా ఊపిరి మళ్లీ సగంలో ఆగింది. ఆగిందని తెలిసింది. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. గంట మోగింది.

కళ్లు తెరిచేసరికి తూనీగ నావైపే చూస్తోంది. కోటు అంచు దాని చేతిలో ఉంది.

"దారం రంగు కూడా చూసుకోలేదేంటమ్మా? నల్ల కోటుకు నీలం దారం. నువ్వేనా ఈ పని చేసింది అని బస్సులో నవ్వొచ్చింది."

"నీకు... తెలుసా అది ఉందని?"

"రెండో వారమే తెలుసు. వానలో తడిసొచ్చి అంచు పిండుతుంటే కరకరమంది."

"ఎవరు పెట్టారో కూడా తెలుసా?"

"ఇంత పొందిగ్గా దాచే దొంగలు మన ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అంచును వేళ్లతో సాపు చేసింది. "చెప్తే ఏమనేదానివి? నాది కాదమ్మా అంటే నమ్మేదానివా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను, అది రాలేదు. "నమ్మను" అన్నాను.

"అదీ సంగతి." అంచు వదిలేసింది. "చెయ్యి అటు పోయేది. ఒక్కోరోజు పదిసార్లు. ఆవిడ చెప్పినట్టే కూర్చునేదాన్ని. అల పోయిందే అనుకుంటే మళ్లీ వచ్చేది. కత్తెర తీసిన రోజు కూడా ఉంది. మళ్లీ పెట్టేశాను."

టీచరమ్మ కాగితాలతో మా ముందుకు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. నలిగిన స్వెట్టరు, చెవి వెనక పెన్ను. "ఇంట్లో ఎలా ఉందమ్మా? ఈ ఎనిమిది వారాల్లో మాత్రలేమైనా కనిపించాయా?" తూనీగ నావైపు చూడలేదు. గోడ మీద తెల్లమచ్చ వైపు చూస్తోంది. దాని మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. సంచి తెరిచి, కళ్లజోడు పెట్టె తీసి, గుడ్డ తొలగించి, షీటును ఆవిడ కాగితాల మీద పెట్టాను.

"కనిపించింది. నేను దాచిందే. పోయినేడాది దీని కోటులో పెట్టి కుట్టి మరిచిపోయాను. ఇవాళ చూసి దీన్నే అనుమానించాను."

"మీరే దాచారని ఎలా చెప్పగలరు?" అడిగింది, కోపంగా కాదు, అడగాలి కాబట్టి.

"నా కుట్టు నాకు తెలియదా అమ్మా?"

ఆవిడ షీటును అటూ ఇటూ తిప్పి చూసింది. పది గదులూ నొక్కి చూసింది. పెన్ను తీసి చాలాసేపు రాసింది. "నేను నమ్ముతున్నాను. కానీ నా నమ్మకం కాగితానికి సరిపోదు. మళ్లీ పరీక్ష చెయ్యాలి, శుక్రవారం ఫలితం వస్తుంది. సోమవారానికి ఉత్తరం ఇవ్వలేను. ఇంకో వారం ఆగాలి. ఆఫీసువాళ్లు ఆగుతారో లేదో నేను మాటివ్వలేను."

తూనీగ లేచింది. మొహం ఎర్రబడింది. "బాగుందమ్మా. ముట్టుకోకుండా ఎనిమిది వారాలు మోశాను. నువ్వు ఒక్క పూట మొయ్యలేకపోయావు."

"లేదని రాయాల్సిందంటావా?"

"నేనలా అన్నానా?" గట్టిగానే అంది. వెల్డరూ అతని పెళ్లామూ తలలు తిప్పుకున్నారు. "లేదని రాస్తావనే అనుకున్నాను. ఆవిడ వస్తున్నంతసేపూ అదే అనుకుంటూ కూర్చున్నాను. రాస్తావు, ఇంటికెళ్లాక మళ్లీ నా జేబులు చూస్తావు అని."

టీచరమ్మ వరండా చివరి తలుపు చూపించింది. పరీక్ష గది. తూనీగ కోటు తీసి నా చేతుల్లో పడేసింది. "నువ్వు రాకు. ఇక్కడే ఉండు." వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది, లోపల గడియ పడింది.

వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మూసిన తలుపు అటు, నేను ఇటు. కోటు ఒళ్లో బరువుగా ఉంది, దాని ఒంటి వెచ్చదనం ఇంకా లైనింగులో ఉంది. రెండో అంచులో కూడా ఏమైనా పెట్టానా? ఎడమ చేతి మడతలో? ఆ రోజు ఎన్ని షీట్లు మిగిలాయి, ఒకటా, రెండా? ఇంకా ఉంటే అవి కూడా నావే కదా, చూడటంలో తప్పేముంది? నా చెయ్యి ఎడమ జేబులోకి సగం దాకా వెళ్లింది. మడమ నేలను తన్నుతోంది. వెళ్లిందని తెలిసింది నాకు. అక్కడే ఆగింది, లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. ఎంతసేపో. ఊపిరి ఒకటి పూర్తిగా లోపలికి వచ్చి, పూర్తిగా బయటికి వెళ్లింది. చెయ్యి బయటికి తీశాను. లేచి, కోటును టీచరమ్మ గదికి తీసుకెళ్లి ఆవిడ బల్ల మీద పెట్టి, "దీన్ని మీరు ఒకసారి వెతకండి, నాకు చెప్పకండి, దానికి చెప్పండి" అన్నాను. ఆవిడ తలూపింది. వెనక్కి వచ్చి అదే బల్ల మీద కూర్చున్నాను. చేతులు రెండూ ఒళ్లో ఖాళీగా ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోపల కుళాయి తిప్పిన చప్పుడు. ఆగింది. తలుపు ఇంకా తెరుచుకోలేదు. నేను లేవలేదు.